సోమవారం పాట, నాలుగో లైను

మా చిన్నప్పుడు పెడన అద్దకం షెడ్డుల్లో పాట లేనిదే చెయ్యి లేచేది కాదర్రా. మీరిప్పుడు చెవుల్లో పెట్టుకుని వినే పాటలాంటిది కాదది. పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి, పక్కపక్కనే నిలబడి, చెక్క అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాళ్లు. ఒక లైను పాట, ఒక గుద్దు, పక్కకి ఒక అడుగు. అందరి అడుగూ ఒకేసారి పడితేనే ఒకళ్ల మోచెయ్యి ఇంకొకళ్ల రంగుపెట్టెలో పడకుండా ఉంటుంది. మొన్న ఫోనులో మన చిన్ని, "పాట ఇంకా సరిగ్గా రాలేదు అమ్మమ్మా, పూర్తయ్యాక వినిపిస్తాలే" అన్నప్పుడు నాకు ఆ షెడ్డే గుర్తొచ్చింది. (ఆ మాట అది ఏడాదిగా అంటోంది. దాని గిటారుకి బూజు పట్టకుండా ఉంటే చాలు.)

నాకప్పుడు పదిహేడేళ్లుంటాయేమో. షెడ్డులో నా పని, అద్దే ముందు గుడ్డ నానబెట్టడానికి కరక్కాయలు దంచడం. దంచుతూ ఏవో నాలుగు లైన్లు కట్టి పాడుతుంటే మా మేస్త్రి మావయ్య విన్నాడు. చుట్టరికం ఏమీ లేదు, షెడ్డంతా ఆయన్ని అలాగే పిలిచేది. రోకలి అవతల పెట్టించి, ఇక నుంచి ప్రతి సోమవారం షెడ్డుకి ఒక కొత్త పాట ఇవ్వాలని ఒప్పందం చేశాడు. బాగా రాకపోతేనో అని అడిగితే, "బాగుందో లేదో మంగళవారం చూసుకుందాం. సోమవారానికి పాటుండాలి, అంతే" అన్నాడు. నేనేమో గొప్పగా తలూపాను. మొదటి రెండు మూడు వారాలు మహా ఉత్సాహం. ఆ తర్వాత ఆదివారం వచ్చిందంటే పొయ్యి మీద అన్నం మాడేదాకా లైన్లు వెతుక్కునేదాన్ని.

షెడ్డు మా షావుకారు బాబాయిది. ఆయనకి ఈ పాటలంటే గిట్టదు. పనివాళ్లు పాట మీద ధ్యాస పెట్టి గుడ్డ పాడుచేస్తారని ఆయన భయం. పాట వల్ల ఒక్క తాను పాడయినా సరే, పాటలన్నీ మాన్పించి షెడ్డులో రేడియో పెడతానని అందరి ముందూ చెప్పేశాడు. (రేడియో పెడితే ఇంక నేను మళ్లీ రోకలి దగ్గరికే.)

ఒక ఆదివారం ఎంత గింజుకున్నా పాటకి మూడు లైన్లే వచ్చాయి.

కాలవా గట్టెంట నడిచొచ్చె చినదీ
కట్టిందీ చూడరో కరకంచు చీరా
తలయెత్తి చూసిందీ కొంగలా బారూ

ఆ కొంగల్ని చూసి ఆ పిల్ల ఏం చేసిందో నాకు తెలియలేదు. సోమవారం పొద్దున వంట చేస్తూ ఆలోచించాను, గుడ్లవల్లేరు బస్సు లేపిన దుమ్ములో షెడ్డుకి నడుస్తూ ఆలోచించాను, షెడ్డు గుమ్మంలో నిలబడీ ఆలోచించాను. పాట రాలేదని చెప్పేసి కరక్కాయల దగ్గరికి పోబోతుంటే మావయ్య ఆపాడు. "ఉన్నంతవరకూ పాడవే. లేనిచోట ఊఁ కొట్టు." అలాగే పాడాను. మూడు లైన్లూ మాటలు, నాలుగోదానికి రాగం మీద ఊఁ ఊఁ. అందరూ తల వంచుకుని పని చేస్తున్నారు. ఆ వేళ అద్దుతున్నది ఎర్రంచుకి పటిక నీళ్లు, ఎరుపు తర్వాత ఉడకబెడితేనే తేలుతుంది. తడి మీద అది సరిగ్గా కనపడదు. ఆరాకే తెలుస్తుంది.

మధ్యాహ్నానికి తెలిసింది. అంచు పొడుగునా మూడు పువ్వులు, ఒక ఖాళీ, మూడు పువ్వులు, ఒక ఖాళీ. అందరి కాళ్లూ రాగాన్ని పట్టుకుని నడిచిపోయాయి, చేతులేమో మాట కోసం ఆగిపోయాయి. షావుకారు బాబాయి ఆ తాను చూపించడానికే బందరు నుంచి వ్యాపారి భాయి గారిని వెంటబెట్టుకుని బస్సులో వస్తున్నాడు. పక్కన పనిచేసే పెద్దక్క ఒకావిడ, గాభరాలో ఏం చెయ్యాలో తెలియక నా క్యారేజీ తీసి నోట్లో ఒక ముద్ద పెట్టుకుని, "ఇందులో ఉప్పే లేదేంటే" అంది.

మావయ్య చిన్న మామిడిపిందె అచ్చులు తీసి తలా ఒకటి ఇచ్చి ఖాళీలు నింపమన్నాడు. పాట లేకుండా మొదలెట్టారు. ఎవరి తొందర వాళ్లది, మొదటి ఖాళీలోనే రెండు పిందెలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మావయ్య చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"ఇట్టా కుదరదు. అమ్మాయ్, ఆ పాటే పాడు. మూడు లైన్లకీ ఉత్తినే నడుస్తాం, నాలుగోదానికి గుద్దుతాం."

"నాలుగోది లేదు కదా మావయ్యా."

"లేని లైను మీద ఎట్టా గుద్దమంటావే మమ్మల్ని?"

అచ్చులు పట్టుకున్న చేతులన్నీ పైకి లేచి ఉన్నాయి. రోడ్డు మీద బస్సు హారను వినపడింది. నేను పాట ఎత్తుకున్నాను. ఒక లైనుకి అందరూ ఒక అడుగు వేశారు, రెండోదానికి ఇంకొకటి, మూడోది. కొంగల బారు కూడా వచ్చేసింది. నా బుర్రలో ఏమీ లేదు. ఎదురుగా పెద్దక్క ఉప్పు లేని కూర మొహం.

"కూరలో ఉప్పెయ్య మరిచొచ్చె చినదీ!"

దబ్బున పిందెలన్నీ ఒకేసారి పడ్డాయి. నవ్వడానికి కూడా తీరిక లేక అలాగే బల్ల చివరిదాకా నడుస్తూ, గుద్దుతూ వెళ్లిపోయాం.

షావుకారు బాబాయి లోపలికి వచ్చేసరికి ఆయన చంకలో నిజంగానే ఒక రేడియో ఉంది. బందరులో కొనేసుకొచ్చాడు. అంచు మీద వేలు పెట్టి, ఈ పిందెలు మనం అనుకున్నవి కావే అని మావయ్యని నిలదీశాడు. మావయ్య కరక్కాయల బుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. భాయి గారు కళ్లజోడు సవరించుకుని అంచంతా ఈ చివర నుంచి ఆ చివరికి చూసి, మొదట్లో పిందె మీద పిందె ఎక్కిన చోట ఆగి, "ఆ ముక్క ఒక్కటీ కోసెయ్యండి, మిగిలింది ఉడకబెట్టి పంపండి" అన్నారు. పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. రేడియో అటక ఎక్కింది. సాయంత్రం తాను మడత పెడుతూ షావుకారు బాబాయి నోట్లోనే ఏదో గొణుక్కుంటుంటే చెవి పెట్టి విన్నాను. ఉప్పెయ్య మరిచొచ్చె చినదీ అంటున్నాడు.

ఆ కోసేసిన ముక్కనీ తానుతోబాటే ఉడకబెట్టించి నా తలగడకి గలీబు కుట్టుకున్నాను. ఇప్పటికీ ఉంది, పిందెలు వెలిసిపోయాయి. పెళ్లయ్యి గుడివాడ వచ్చాక చాలా ఏళ్లకి ఆ పాటకి మంచి నాలుగో లైను దొరికింది, కొంగలూ ఆకాశమూ అన్నీ చక్కగా కుదిరాయి. పనిగట్టుకుని పెడన వెళ్లి మావయ్యకి పాడి వినిపించాను. ఆయన అప్పటికి అచ్చు పట్టడం మానేశాడు. కళ్లు మూసుకుని మూడు లైన్లకీ వేలితో మంచం పట్టె మీద తాళం వేశాడు. నాలుగోదానికి మాత్రం వేలు గాల్లోనే ఆగిపోయింది.

"బానే ఉందమ్మాయ్," అన్నాడు. "మరి ఉప్పేదీ?"

నేనిప్పటికీ సోమవారం తప్పను. ఈ వారం రెండు లైన్లే వచ్చాయి, మిగతాదానికి ఊఁ కొట్టి ఫోనులో మీ అందరికీ పంపించాను. విన్నారో లేదో. చిన్నీ, నీ పాటలో లేనిచోట నువ్వూ ఊఁ కొట్టి పంపవే. ఇక్కడ అచ్చు పట్టుకున్నట్టు చెయ్యెత్తి కూర్చున్నాను.