నర్సన్న చల్లబరచిన కారు

కోరుట్లలో కారు ఏసీలు బాగుచేసే షెడ్డు పెట్టిన మొదటి మొనగాడు నర్సన్న. అది తొంభై ఒకటో సంవత్సరం. ఊరంతా గాలించినా ఏసీ ఉన్న కార్లు అయిదుకు మించవు. అందులో రెండింటికి ఏసీ పనిచేయదు, మిగతా వాటికి పనిచేస్తుందని ఓనర్ల నమ్మకం. అలాంటి ఊళ్ళో బస్టాండు వెనక రేకుల షెడ్డు వేసుకుని ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడంటే మనిషికి పిచ్చయినా ఉండాలి, వేరే దారైనా లేకపోవాలి. నర్సన్న సంగతి రెండోది.

ఆరేళ్ళు దోహాలో ఇదే పని చేశాడు. తిరిగొచ్చిన రోజు, తాను పోయాక పుట్టిన బిడ్డ నీల తలుపు చాటుకు ఉరికి, "గాయిన ఎవలే అవ్వా?" అని తల్లిని అడిగింది. ఆ ఒక్క మాట చాలింది. ఇక చచ్చినా మళ్ళీ పోనని భార్య సాయవ్వ చేతిలో చెయ్యేశాడు. పోకుండా ఉండాలంటే షెడ్డు నడవాలి. షెడ్డు నడవాలంటే ఎవరో ఒక పెద్దమనిషి కారు చల్లబడి, ఆ సంగతి నలుగురి నోటా పడాలి.

ఆ పెద్దమనిషి గోపాల్ రావు దొర. గంభీరావుపేట దగ్గర ఊరు ఊరంతా ఆయన భూములే ఒకప్పుడు. అడవిలో తిరిగే అన్నల, అంటే నక్సలైట్ల, భయానికి కోటలాంటి తన గడీకి తాళం వేసి కోరుట్లలో ఉంటున్నాడు. ఆయన అంబాసిడర్‌కు డ్రైవరు నర్సన్న సొంత తమ్ముడు గంగయ్య. భూముల కేసుకని దొర వారం వారం సిరిసిల్ల పోవాలి. దొరసాని మనోరమ పుట్టిల్లూ అక్కడే. మే నెల ఎండకు ఆమె కారులోనే సొమ్మసిల్లి పోతోంది.

"నర్సన్నా, గీ ఎండకాలం నా కారు సల్లగ నడిస్తె, జగిత్యాల మా చుట్టాల కార్లన్ని నీ షెడ్డుకే తోలిస్త" అన్నాడు దొర.

నర్సన్న చొక్కా విప్పి పనిలోకి దిగాడు. రేడియేటరు ముందున్న ఏసీ జాలీలో దుమ్ము, దూది, చచ్చిన మిడతలు. నీళ్ళు కొట్టి కడిగాడు. వంగిన రేకులను అగ్గిపుల్లతో ఒక్కొక్కటే నిలబెట్టాడు. బెల్టు బిగించాడు, ముందర ఇంకో ఫ్యాను పెట్టాడు, హైదరాబాదు నుంచి గ్యాసు తెప్పించి నింపాడు. గాలి చల్లబడింది. ఏం లాభం? అద్దాల్లోంచి దూకే ఎండ ఆ చల్లదనాన్ని అప్పటికప్పుడే మింగేస్తోంది. ఆఖరికి దోహా పెట్టె తెరిచి, అక్కడినుంచి తెచ్చుకున్న నల్ల కాగితం చుట్ట తీసి, అద్దాలన్నిటికీ అంటించాడు. లోపల కూర్చున్నవాడు ఇక బయటికి కనబడడు.

అది చూసి గంగయ్య ముఖం మాడిపోయింది. ఆ రోజుల్లో సిరిసిల్ల పోయే రుద్రంగి అడవి దారిలో డ్రైవర్లకు ఒక పద్ధతి ఉండేది. అడవి మొదలవగానే అద్దాలన్నీ దించాలి, బండి నెమ్మది చేయాలి, తల బయట పెట్టాలి. చెట్ల వెనక నిలబడ్డది అన్నలో పోలీసులో ఎవడికి తెలుసు? ఎవరున్నా ముఖం చూపించాలి. అడకత్తెరలో పోకచెక్క బతుకులు మరి!

"అన్నా, గీ కాయితం పీకెయ్యె. మొకం కనవడకుంటె ఊకుంటరా?"

"అద్దం ఒక్కపారి దించినా సల్లదనమంత పోతది. మళ్ల సల్లవడాల్నంటె అర్ధగంట."

"ఆరేండ్లు నువ్వు ఈడ లేకపోతివి. నీకేం ఎరుక ఈడి సంగతి?"

"నాకెరుకైంది నా బిడ్డ నన్ను గుర్తువట్టకపోవుడు! నేను మళ్ల దోహ పోవాల్నారా? గీ ఒక్క ఎండకాలం అద్దాలెత్తి నడుపురా, నీ కాల్మొక్త!"

అన్న నోట ఆ మాట విన్నాక ఏ తమ్ముడు మాత్రం ఏమంటాడు? "సరే తియ్యె" అన్నాడు గంగయ్య.

మొదటి ప్రయాణంలోనే దొరసాని చలికి శాలువా అడిగిందట! వారం తిరక్కముందే జగిత్యాల నుంచి రెండు కార్లు వచ్చి షెడ్డు ముందు నిలబడ్డాయి. వాటికీ నల్ల కాగితమే కావాలన్నారు. నర్సన్న ఎన్నేళ్ళకో కడుపు నిండా నవ్వాడు.

మూడో వారం గంగయ్య దొరను సిరిసిల్లలో వకీలు ఇంటి దగ్గర దింపి, కోరుట్లలో ఉన్న దొరసానిని తీసుకుపోవడానికి ఒక్కడే తిరిగొస్తున్నాడు. పట్టపగలు. రుద్రంగి దాటాక మలుపులో కారు మీద తూటాల వాన కురిసింది. గుట్ట మీద మేకలు కాస్తున్న విఠల్ చూశాడు. కాల్చినవాళ్ళెవరో అతనికి పొదల చాటున కనబడలేదు. కనబడ్డదీ వినబడ్డదీ నర్సన్నను చాటుకు పిలిచి చెప్పాడు.

"ఆపు, ఆపు అని రెండుపార్ల కేకేసిండ్రే. అద్దాలు బిగిచ్చి ఉండె. లోపట ఫ్యాన్ల సప్పుడుకు ఇనవడలేదో ఏమో, కారు ఆగలే."

పోలీసులు అది అన్నల పని అన్నారు. రెండు రోజులకు గోడల మీద వెలసిన ఎర్ర రాతలు పోలీసుల పని అన్నాయి. ఎవరిదైతేనేం, పోయిన ప్రాణం తిరిగొస్తుందా! ఆ దారిలో ఇరువైపుల వాళ్ళకూ తెలిసిన ముఖం గంగయ్యది. ముఖం కనబడి ఉంటే ఒక్క తూటా కూడా పేలేది కాదు. ఈ ముక్క నర్సన్నకు ఒకరు విప్పి చెప్పాలా? జగిత్యాల కార్ల కాగితాన్ని గోళ్ళు చిట్లి నెత్తురు కారుతున్నా గీకి పారేశాడు. దినాలు కాగానే షెడ్డు రేకులు పీకించాడు. విఠల్ చెప్పింది మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నెల తిరక్కుండా దోహా ప్రయాణం. బస్టాండుకు తల్లి నాగవ్వ వెంట వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఇంకిపోయాయి. కొడుకు గడ్డం పట్టుకుని ఓదార్చింది.

"ఏడ్వకు కొడుకా. పోరడప్పటి సంది దొర పొలంల జీతముండి ఎండల మాడిండు నా గంగడు. సచ్చెటప్పుడన్న ఎండ తాకకుంట, సల్లటి కార్ల కూసోని పోయిండు. గంతా నీ పుణ్యమేరా."

విఠల్ మాట చెప్పేద్దామని నర్సన్న నోరు తెరిచాడు. తల్లి కాళ్ళకు మొక్కి బస్సెక్కాడు.