షేర్వానీ జేబులో జొన్నరొట్టె

ఆ రోజుల్లో అన్నిటికీ కరువే. యుద్ధం ఎక్కడో జరుగుతుంటే ఇక్కడ మా శంషాబాదులో కిరసనాయిలు దొరికేది కాదు, మంచి బట్ట దొరికేది కాదు, చక్కెర రుచి ఎట్లా ఉంటుందో పిల్లలు మరిచిపోయారు. ఒక్క భయానికి మాత్రం ఏ ఇంట్లోనూ కొరత ఉండేది కాదు. రైతుకు గిర్దావరంటే భయం, గిర్దావరుకు తాసిల్దారంటే భయం, బడిపిల్లలకు నేనంటే భయం, నాకు తనిఖీ సాహెబంటే భయం. ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి సిగ్గుపడాల్సింది లేదు. కానీ నాకు మరొక భయం ఉండేది. దాన్ని ఎవరి దగ్గరా బయటపెట్టలేదు. చేతిలో బరిగె పట్టుకుని, మీసం దువ్వుకుంటూ, నలభై ఇళ్లకు వినిపించేలా గద్దించే చిన్న పంతులుకు కుక్కలంటే భయమని తెలిస్తే ఇక ఆ బడిలో నా మాట వినేదెవరు?

చిన్నప్పుడు మా సాతంరాయిలో ఒక కుక్క నా పిక్క పట్టుకుంది. పట్టుకున్నందుకు అంత బాధ లేదు, పట్నం దవాఖానాకు తీసుకుపోయి బొడ్డు చుట్టూ వేయించిన సూదులు ఉన్నాయే, వాటిని తలచుకుంటే ఈ వయసులో కూడా కడుపు లోపలికి లాక్కుంటుంది. అప్పటినుంచి ఎక్కడ కుక్క మొరిగినా నా కుడిచెయ్యి తనంతట తానే పోయి బొడ్డును మూసేది. చూసినవాళ్లు నాకు అజీర్తి అనుకునేవారు. నేనూ అవుననేవాణ్ణి. (దానివల్ల ఎన్ని వాము కషాయాలు తాగానో చెప్పలేను.)

బడి అంటే ఒక పెంకుల ఇల్లు. లోపల గదిలో పెద్ద పంతులు పెద్ద పిల్లలకు చెప్పేవాడు, బయట వసారాలో నేను చిన్నపిల్లలకు చెప్పేవాణ్ణి. చదువంతా ఉర్దూలో. ఇంటి దగ్గర "ఏందిరా", "గిట్ల రా" అని మాట్లాడుకునే పిల్లలు బడి గడప తొక్కగానే "దో ఎకం దో, దో దూనీ చార్" అని గొంతు చించుకోవాలి. వాళ్లకు అర్థమయ్యేదా అని అడక్కండి, చెప్పే నాకే అంతంతమాత్రం. పైగా నాది ఇంకా ఖాయం కాని నౌకరి. తనిఖీ సాహెబు ఒకరోజు వచ్చి పిల్లలను ఎక్కాలు అడుగుతాడు. వాళ్లు నోరు విప్పితే నా నౌకరి నిలబడుతుంది. విప్పకపోతే మూటాముల్లె సర్దుకుని సాతంరాయికి పోయి అన్నయ్య పొలంలో గడ్డి కొయ్యాలి, వదిన దెప్పుళ్లతో కలిపి గంజి తాగాలి. మా మామ నాకు పిల్లనిచ్చిందే సర్కారు నౌకరి చూసి. నన్ను చూసి ఇచ్చాడని అబద్ధం ఎందుకు చెప్పాలి?

సరిగ్గా ఆ తనిఖీ కబురు కోసం బిక్కుబిక్కుమంటూ ఎదురుచూస్తున్న రోజుల్లోనే మా ఇంటామె కాపురానికి వచ్చింది. తుక్కుగూడ అవతల పల్లె వాళ్లది. కచ్చరం బండి మా కిరాయి ఇంటి ముందు ఆగింది. ముందు ఆమె దిగింది, తర్వాత ఆమె పెట్టె దిగింది, తర్వాత బండి కింద నీడలోంచి నాలుక వేలాడేసుకుని ఎర్రటి కుక్క ఒకటి బయటికి వచ్చి నా కాళ్లను వాసన చూసింది. నా చెయ్యి బొడ్డు మీదికి పోయింది.

"ఇదెవరిది?" అన్నాను.

"మనదే. మోతి దీని పేరు. ఎంత తరిమినా ఎన్కకు పోలే. బండెంబడే నడుసుకుంట వచ్చింది పాపం," అని ఆమె ఒక్క క్షణం నా చెయ్యి వంక, నా మొహం వంక చూసింది. అంతే, ఆమెకు సంగతి తెలిసిపోయింది. పెళ్లి పందిట్లో కూడా తలెత్తి చూడని పిల్ల, ఒక్క చూపుతో నా గుట్టంతా పట్టేసింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. కానీ వాడుకోవడం మానలేదు. సాయంత్రం బడి నుంచి వచ్చి వాకిట్లో నిలబడి దగ్గేవాణ్ణి. గడప మీద అడ్డంగా పడుకున్న మోతిని ఆమె వచ్చి లేపితే తప్ప నా ఇంట్లోకి నాకు దారి లేదు. కూరలో ఉప్పు తక్కువైందని గొంతు పెంచితే, ఆమె బదులు చెప్పేది కాదు, పొయ్యి దగ్గర కూర్చునే "మోతీ" అని మెల్లగా పిలిచేది. అది వచ్చి నా కంచం ఎదురుగా కూర్చునేది. ఆ తర్వాత ఉప్పు సరిపోయినట్టే ఉండేది. పగలంతా పిల్లలను వణికించి, పొద్దుగూకాక ఇంటికి వచ్చి నేను వణకడం, ఇదీ మా కొత్త కాపురం.

అట్లా ఉండగా పెద్ద పంతులు ఒక మధ్యాహ్నం చెమటలు కక్కుతూ వచ్చి, "రేపే వస్తున్నడంట సాహెబు. షేర్వానీ, టోపీ లేకుంట నిలబడితె నీ పని ఖతం, నా పని ఖతం," అన్నాడు. అప్పటిదాకా నేను ధోవతి, కమీజుతో నెట్టుకొచ్చినవాణ్ణి. నాకు షేర్వానీ ఎక్కడిది? ఆయనే జాలిపడి తన బావమరిది షేర్వానీ ఇప్పించాడు. ఆ బావమరిది మంచి భారీ మనిషి. నేను దానిలోకి దిగి గుండీలు పెట్టుకున్నాక లోపల ఇంకొకరికి చోటు మిగిలింది. అయినా నల్లటి షేర్వానీ, నెత్తిన టోపీ, చూసుకుంటే నాకే ముచ్చటేసింది. మా ఇంటామె చూస్తే ఎంత మురిసిపోతుందోనని అట్లాగే వేసుకుని ఇంటికి బయలుదేరాను.

ఆమె వాకిట్లో కోడిపిల్లలకు నూకలు చల్లుతోంది. తలెత్తి నన్ను చూసింది. మురిసిపోలేదు. "ఓ అమ్మో, సర్కారోడు!" అని కేక పెట్టి, పెట్టను రెక్కపట్టి చంకలో ఇరికించుకుని, లోపలికి ఉరికి తలుపు గడియ వేసుకుంది. ఆ కేక వినగానే ఇంటి వెనక నుంచి మోతి వచ్చిన రాకడ నేను వర్ణించలేను. ఒక్క దూకులో షేర్వానీ అంచు దాని నోట్లో ఉంది, నేను పెంట కుప్ప పక్కన మొండిగోడ మీద ఉన్నాను. అంత ఎత్తు గోడ ఎట్లా ఎక్కానో తర్వాత ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టలేదు.

"నేనే! నేనే!" అని అరిచాను.

"నేనే అంటె ఎవలు? ఇంట్ల మగోళ్లు లేరు, పోండ్రి!" అని లోపలి నుంచి బదులు.

"నేనేనే, నీ పెనిమిటిని! కుక్కను పిలువే!"

తలుపు సందులోంచి ఒక కన్ను కనిపించింది. ఆ తర్వాత మోతిని పిలిచి, నన్ను దింపి, అంచు చినిగిందేమో చూసి (దేవుడి దయ, చొంగ తప్ప చిరుగు లేదు) అప్పుడు ఆమె అసలు సంగతి చెప్పింది. వాళ్ల పల్లెకు షేర్వానీ వేసుకుని వచ్చినవాడెవడూ ఊరికే వచ్చింది లేదట. లెవీ వడ్ల కోసమో, వెట్టి బండి కోసమో, ఏమీ లేకపోతే కోడి కోసమో వచ్చేవాడట. షేర్వానీ కనబడితే ఆడవాళ్లు కోళ్లను లోపల దాచి తలుపులు వేసుకోవడం, కుక్కలను వదలడం, అదే ఆ ఊరి ఆనవాయితీ. "మా బాపు దీనికి నేర్పిన సదువు గిదొక్కటే. షేర్వానీ కనబడ్డదా, పట్టుడే," అంది. చెబుతూ చెబుతూనే ఆమె మొహం పాలిపోయింది. "ఇగో, రేపొచ్చే సాహెబు గుడ షేర్వానీలనే వస్తడు గద?"

బడి మా ఇంటికి పిలుపు దూరం. మోతిని ఏ తాడుతో కట్టినా ఒక్క పూటలో నమిలి తెంపేసేది. రేపు అది సాహెబు పిక్క పట్టుకుంటే నౌకరి పోవడమే కాదు, నన్ను ఏ ఠాణాలో పెడతారో కూడా తెలియదు. నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను. మా ఇంటామె మాత్రం కొంగు బిగించింది. "మనిషికి నేర్పిన సదువు మార్వొస్తలేదు గని, కుక్కకు మార్వొస్తది. మీరు పంతులు గద, జర మీరు గుడ చూడుండ్రి," అని ఆ షేర్వానీ నా ఒంటి మీద ఉండగానే దాని రెండు జేబుల్లో జొన్నరొట్టె తుంపి నింపింది. నన్ను వాకిట్లో నిలబెట్టింది. మోతి గుర్రుమంది. ఆమె దాని మెడ పట్టుకుని మూతిని నా జేబు దగ్గరికి తెచ్చింది. కుక్క మూతి నా బొడ్డుకు అంత దగ్గరగా రావడం అదే మొదలు. నేను కళ్లు గట్టిగా మూసుకుని, నాకు వచ్చిన ఎక్కాలన్నీ లోపల చదువుకున్నాను. మొదట గుర్రు ఆగింది. తర్వాత వాసన చూడడం, తర్వాత నమిలిన చప్పుడు. పొద్దుగూకేసరికి ఆ పల్లె చదువంతా మరిచిపోయి, షేర్వానీ కనబడితే తోక ఊపుతూ జేబులో మూతి పెట్టడం నేర్చుకుంది. నా పిల్లలెవరూ అంత త్వరగా ఒక్క ఎక్కం కూడా నేర్చుకోలేదు.

మర్నాడు నేను బయలుదేరేటప్పుడు ఆమె జేబులు తిరగేసి దులిపింది, గోడ మీది సున్నం భుజాన అంటితే కొంగుతో తుడిచింది. "భయపడకుండ్రి, దాన్ని నులకమంచం కోడుకు కట్టేసిన," అంది. ఆమె గొంతు కూడా వణుకుతోంది. ఆ మాట నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో, ఆ వణుకు అంత దిగులు పెట్టింది.

సాహెబు వచ్చాడు. పొడుగాటి మనిషి, నున్నటి బూడిదరంగు షేర్వానీ. పెద్ద పంతులు, నేను ఆయనకు చెరో పక్క నిలబడ్డాం. పిల్లలు నేల మీద కూర్చుని ఊపిరి బిగబట్టి ఉన్నారు. "దో కా పహాడా సునావ్," అన్నాడు సాహెబు. రెండో ఎక్కం చెప్పమంటే ఒక్కడూ నోరు విప్పలేదు. ముందు వరుసవాడు నిలబడి పెదవులు కదిపాడు కానీ మాట రాలేదు. రెండోవాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిన్నటిదాకా కప్పు ఎగిరిపోయేలా అరిచిన పిల్లలు! సాహెబు కనుబొమ్మలు ముడిపడ్డాయి. నా కళ్ల ముందు మా వదిన, గంజి గిన్నె కనిపించాయి. మా ఇంటామె మళ్లీ పెట్టె సర్దుకుని బండి ఎక్కడం కూడా కనిపించింది, అన్నిటికంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

అప్పుడు బయట ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడైంది. మెడకు నులక తాడు, ఆ తాడు చివర విరిగిన మంచం కోడు, మోతి వసారా ఎక్కింది.

ఒకే వరుసలో మూడు షేర్వానీలు దానికి కనిపించాయి. తోక ఊపుతూ మొదట నా దగ్గరికి వచ్చింది. నేను కదలలేదు, కదిలే శక్తి ఉంటే కదా. నా కుడి జేబు చూసింది, ఎడమ జేబు చూసింది, ఏమీ లేదని పెదవి విరిచినట్టు మొహం పెట్టి పెద్ద పంతులు దగ్గరికి పోయింది. ఆయన "రామ రామ" అంటుంటే ఆయన జేబులూ చూసింది. తర్వాత తీరిగ్గా సాహెబు ముందు నిలబడి, ముందుకాళ్లు ఎత్తి ఆయన నడుముకు ఆనించి, జేబులో చెవుల దాకా మూతి పెట్టింది. లోపల ఏదో కాగితం చిరిగింది. రైలు దారిలో తినడానికి ఆయన బేగం కట్టి ఇచ్చిన రొట్టె అది, పైగా గోధుమరొట్టె. మోతి అక్కడే కూర్చుని తినడం మొదలుపెట్టింది.

వాకిలి దాకా పరుగెత్తుకొచ్చిన మా ఇంటామె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. నేను ధైర్యం చేసి సాహెబు వంక చూశాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన కుడిచెయ్యి బొడ్డును గట్టిగా మూసి ఉంది. నా చెయ్యి నా బొడ్డు మీద ఉంది. ఆయన నా చెయ్యి చూశాడు, నేను ఆయన చెయ్యి చూశాను.

"తుమ్ కో భీ?" అన్నాడు చివరికి, నీకూనా అన్నట్టు, చాలా మెల్లగా.

"జీ. బచ్‌పన్ మే," అన్నాను, చిన్నప్పుడేనని ఒప్పుకుంటూ.

అప్పుడు ముందు వరుసవాడు కిసుక్కున నవ్వాడు. వాడి వెనక ఇంకొకడు. కాసేపట్లో వసారా అంతా నవ్వు. నేను అలవాటుగా బరిగె కోసం చెయ్యి చాపాను కానీ సాహెబు వద్దన్నట్టు తల ఊపాడు. ఆ నవ్వులోనే ఎవడో "దో ఎకం దో" అని అందుకున్నాడు. మిగతావాళ్లు "దో దూనీ చార్" అని ఒక్క గొంతుతో కలిశారు. రెండు అయింది, మూడు అయింది, నాలుగో ఎక్కం సగంలో సాహెబు చెవులు మూసుకుని "బస్, బస్" అన్నాడు. మా ఇంటామె మోతిని ఈడ్చుకుపోయాకే ఆయన చెయ్యి బొడ్డు మీంచి దిగింది. వెళ్తూ వెళ్తూ వచ్చీరాని తెలుగులో, "పంతులూ, పిల్లల్‌కు కొట్టకు, అచ్చగ చదువుతున్నరు. కుత్తేకు మాత్రం గట్టిగ కట్టు," అన్నాడు. నా నౌకరి నిలిచింది. ఆ పూట మోతికి ఇంట్లో రెండు రొట్టెలు పడ్డాయి. కంచం ఎదురుగా అది కూర్చుంటే నేనే తుంపి వేశాను. దూరం నుంచే లెండి, విసిరాను.

ఇదంతా జరిగి ఎంతకాలమైందో. మోతి పోయింది, బడి పెంకులు పోయాయి, మేము పొద్దున్నే నడిచి పోయిన చేల మీద ఇప్పుడు విమానాలు దిగుతున్నాయి. ఆ మధ్య మనవరాలు పట్టుబట్టి మమ్మల్ని కాశీకి విమానం ఎక్కించింది. మా ఊరి గడ్డ మీదే కట్టిన ఆ అద్దాల మేడలో వరుసలో నిలబడ్డాం. ఇంతలో తుపాకీ భుజాన వేసుకున్న జవాను ఒక కుక్కను పట్టుకుని అందరి సంచులు వాసన చూపిస్తూ వచ్చాడు. అది వచ్చి సరిగ్గా నా ముందు ఆగింది. ఇంత వయసు వచ్చింది, ఇంత లోకం చూశాను, అయినా నా కుడిచెయ్యి కర్రను వదిలేసి బొడ్డు మీదికి పోయింది. వెనక నుంచి మా ఇంటామె నా మోచెయ్యి పట్టుకుంది. వయసుకు ఆమె చెయ్యి ఇప్పుడు వణుకుతూనే ఉంటుంది. కానీ గొంతు మాత్రం కచ్చరం దిగిన నాటిదే.

"ఇగో," అంది చెవిలో, "జేబుల రొట్టె గిట్ట పెట్టుకున్నరా ఏంది?"