జేబులో పెన్ డ్రైవు, గదిలో నడిచిన సర్వరు

ఈ సంగతిని కాగితం మీద పెట్టవలసిన అవసరం నాకై నేను కల్పించుకున్నది కాదు. ఇటీవల మండపేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒకరు, నేనెవరో తెలియక, నా అనుభవాన్నే నాకు కథగా వినిపించారు. రాజమండ్రిలో ఒక ప్రెస్సులో కంప్యూటరు గజ్జెల చప్పుడుతో తనంతట తానే లేచిందట. అక్కడే ఉన్న లెక్కల మాస్టారు సాష్టాంగపడి స్తోత్రం చదివాడట.

ఆ లెక్కల మాస్టారిని నేనే. నేను సాష్టాంగపడలేదు, స్తోత్రం చదవలేదు. గజ్జెల చప్పుడు నేను గాని, మరొకరు గాని వినలేదు. జరిగినదానికి వన్నెలు దిద్దేవారు ఎంత బలంగా ప్రచారం చేస్తున్నారో, జరిగినది జరిగినట్లు చెప్పవలసినవాడు అంత స్పష్టంగా చెప్పకపోవడం అన్యాయం. అందుకే రాస్తున్నాను.

నేను దయ్యాలను, మహిమలను నమ్మినవాడిని కాను. గణితం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. కారణం కనబడని చోట, కారణం ఉన్నదనీ, మనకు అందలేదనీ అనుకోవడమే నాకు అలవాటు. ఇప్పటికీ అదే నా అభిప్రాయం. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ కారణం ఇన్నేళ్లయినా నా చేతికి చిక్కలేదు.

రెండు వేల సంవత్సరం దాటి, పెన్ డ్రైవులు కొత్తగా చేతుల్లోకి వస్తున్న రోజులవి. నేను ధవళేశ్వరంలో ఉంటూ, రోజూ బస్సులో రాజమండ్రి వెళ్లి, వెంకటరత్నం గారి ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడిని. ఆ ప్రెస్సు ప్రతి ఏటా ఒక పంచాంగం అచ్చు వేసేది. దానిని గణించే సిద్ధాంతి గారు మండపేట దగ్గర పల్లెటూరివారు. నాకు చిరకాల మిత్రులు. తిథి ఘడియలలో ఒక్క విఘడియ తేడా వచ్చినా ఆయనకు నిద్రపట్టేది కాదు. మా స్నేహానికి మూలం అదే.

ఆ సంవత్సరం సిద్ధాంతి గారి చూపు బాగా మందగించింది. కాగితం మీద దిద్దలేక, ప్రెస్సుకు వచ్చి కంప్యూటరు దగ్గర కూర్చునేవారు. పేజీలు కూర్చే కుమారి అనే అమ్మాయి ఒక్కొక్క పంక్తి చదివేది. ఆయన విని సవరణ చెప్పేవారు. ఆమె అక్కడికక్కడే తెర మీద మార్చేది. పంచాంగం మొత్తం అలా పూర్తయిన కొద్ది రోజులకే, నవరాత్రులకు ముందు, ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యి కూడా పనిచేయలేదు.

అంటే ఆ సవరణలు కాగితం మీద లేవు. ఆయన నోటి నుండి మళ్లీ రావు. అవి ఉన్నది ఒక్క చోటే, ప్రెస్సు వెనుక గదిలోని సర్వరులో. అన్ని కంప్యూటర్ల పేజీలూ దాచే పెద్ద పెట్టె అది. ఆ పంచాంగమే సిద్ధాంతి గారి చివరిదని అందరికీ తెలుసు. అచ్చయిన మొదటి ప్రతి తెచ్చి చేతిలో పెడతామని వెంకటరత్నం గారు ఆయన మంచం దగ్గర మాట ఇచ్చి వచ్చారు.

ఇంతటి భారాన్ని మోస్తున్న ఆ సర్వరు దేనిని ఆధారం చేసుకుని లేచేదో చెబితే చదువరులు నమ్మరు. దానిని అమర్చిన రమేష్ అనే కుర్రవాడు, యంత్రాన్ని నిద్రలేపే ప్రోగ్రామును ఒక పెన్ డ్రైవులో పెట్టాడు. ఆ పెన్ డ్రైవు కొన్నది కాదు. ఎరువుల డీలర్ల సమావేశంలో భోజనం చేసినవారికి సంచితో పాటు ఉచితంగా పంచిపెట్టినది. అది పెట్టె ముందు భాగాన వేలెడు పొడవున బయటకు పొడుచుకుని ఉండేది. గది ఊడ్చే చీపురు దానికి తగిలేది. పైగా, పోటీ ప్రెస్సులవాళ్లు పేజీలు కాజేస్తారన్న భయంతో, డిస్కులలోని సమాచారం ఎవరికీ అర్థం కాకుండా తాళం వేయించారు. ఆ తాళంచెవి కూడా అదే పెన్ డ్రైవులో ఉంది. నకలు లేదు.

నేను మొదటినుండీ అభ్యంతరం చెప్పాను. రోజంతా నడిచే యంత్రానికి మేలురకం మెమరీ కార్డు కొని, పెట్టె లోపల, చెయ్యి తగలని చోట బిగించాలనీ, దానికి జోడుగా మరొకటి తయారుచేసి, అది కూడా పనిచేస్తున్నదని పరీక్షించి బీరువాలో భద్రపరచాలనీ చెప్పాను. డిస్కులకు వేలకు వేలు పోసినవారు దీని దగ్గరకు వచ్చేసరికి చేతులు ముడుచుకున్నారు.

"ప్రాణం ఎంత ఉంటుందండి మాస్టారూ, చిన్నదే కదండి. దీని ప్రాణం కూడా ఇందులో అంతే," అన్నాడు రమేష్ నవ్వుతూ.

ఆ మాట వెంకటరత్నం గారి మనసులో నాటుకుంది. దాని ఫలితమే ఇక చెప్పబోయేది.

దసరాకు ప్రెస్సులో ఆయుధపూజ చేస్తారు. కత్తెరలు, సుత్తులు, పేజీ నంబర్లు కొట్టే మిషన్లు కడిగి, తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, పీట మీద వరుసగా ఉంచుతారు. ఆ పూట ఏ యంత్రమూ నడవదు. సర్వరును కూడా ముందురోజు సాయంత్రమే ఆపివేశారు. పూజనాడు వెంకటరత్నం గారికి ఒక ఆలోచన వచ్చింది. పెద్ద పెట్టెను పీట మీదికి ఎత్తలేము గనుక, దాని ప్రాణాన్నే తీసుకువచ్చి పెడితే సరిపోతుంది గదా అని. పెన్ డ్రైవు ఊడదీసి తల్లి సత్యవతమ్మ గారి చేతికిచ్చారు. ఆమె మిగతా ఆయుధాలతో పాటే దానినీ పసుపు నీళ్లలో ముంచి కడిగి, గంధం రాసి, బొట్టు పెట్టారు.

నేను ప్రసాదానికని వెళ్లేసరికి పూజ అయిపోయింది. శాస్త్రానికి యంత్రాలన్నీ ఒకసారి నడిపిస్తున్నారు. పెన్ డ్రైవు మళ్లీ దాని చోట పెట్టినా సర్వరు లేవలేదు. లేవడానికి కావలసిన డిస్కు లేదనీ, అది పెట్టి మీట నొక్కమనీ తెర మీద ఒకే వాక్యం. పెన్ డ్రైవు తీసి చూశాను. దాని నోట్లో పసుపు ముద్ద.

కుమారి ఒక మూల నిలబడి కళ్లు తుడుచుకుంటున్నది. నేను కోపం ఆపుకోలేక, ఇదేం పని అమ్మా అని సత్యవతమ్మ గారిని అడిగాను.

"కత్తెరలు కడిగాను, నంబరింగ్ మిషన్లు కడిగాను. ఇదొక్కటీ ఏం పాపం చేసిందండి, కడక్కుండా వదిలెయ్యడానికి?" అన్నారు ఆమె, ఏ మాత్రం తొణకకుండా.

రమేష్ అత్తవారింట్లో ఉన్నాడు. ఫోను చేశాను.

"తడిసిందాండి? ఎంత తడిసిందండి?"

"తలంటు పోశారు," అన్నాను.

అది చచ్చిపోతే తాళంచెవి పోయినట్లేననీ, డిస్కులు ఎంత బాగున్నా అందులోది ఎవరూ చదవలేరనీ నసిగాడు. మరునాడు వస్తానన్నాడు. ఆ పెన్ డ్రైవును తుడిచి, ఆరబెట్టి, ప్రెస్సులోని మిగతా కంప్యూటర్లకు పెట్టి చూశాము. ఒక్కటీ దానిని గుర్తించలేదు.

ఇకముందు చెప్పేది జాగ్రత్తగా గమనించవలసిందిగా మనవి. సర్వరు కరెంటు వైరును గోడ నుండి నా చేతులతో నేనే పీకాను. ఇక ఎవరూ దీని జోలికి పోకూడదని పెన్ డ్రైవును చొక్కా జేబులో వేసుకుని ధవళేశ్వరం వెళ్లాను. ఇంట్లో అది నా బల్ల సొరుగులో ఉంది. సొరుగుకు తాళం ఉంది. మరునాటి ఉదయం దానిని మళ్లీ జేబులో వేసుకుని బస్సెక్కాను.

ప్రెస్సు గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి కుమారి పంచాంగం పేజీలు తెరచుకుని పనిచేస్తున్నది. సిద్ధాంతి గారి సవరణలతో ఉన్న పేజీలు.

నాకు కలిగిన మొదటి భావం ఆశ్చర్యం కాదు, ఆగ్రహం. నాకు చెప్పకుండా ఎవరో మరొక పెన్ డ్రైవు తెచ్చి పెట్టారనుకున్నాను. వెనుక గదిలోకి వెళ్లాను. సర్వరు నడుస్తున్నది. ముందు భాగాన ఏమీ పెట్టి లేదు. పెట్టెను ఇటు తిప్పి వెనుక భాగం చూశాను. కరెంటు వైరు, నెట్‌వర్కు వైరు, తెర వైరు, కీబోర్డు వైరు తప్ప మరేమీ లేదు. సీడీ పెట్టే అర బయటకు లాగాను. ఖాళీ.

"ఎవరు దీన్ని వేసింది?" అని అడిగాను.

"నేనేనండి," అన్నారు సత్యవతమ్మ గారు. "పొద్దున దీపం పెట్టి, వైరు గోడకి పెట్టి, దీని స్విచ్చి కూడా వేశాను. రోజూ వేసేదే కదండి. ఇవ్వాళ మాత్రం ఎందుకు మానాలి?"

స్విచ్చి వేసినవారు ఉన్నారు. అంతవరకు మహిమ లేదు. వేసిన తరువాత అది దేనిని చదువుకుని లేచింది, తాళం దేనితో తీసుకుంది అన్నదే ప్రశ్న.

ఆ సంగతి తరువాత తేల్చుకోవచ్చునని, ముందు పేజీలన్నీ సీడీలలోకి ఎక్కించమని కుమారికి చెప్పాను. ఇంతలో వెంకటరత్నం గారు హారతి పళ్లెంతో వచ్చారు. కర్పూరం వెలుగుతున్నది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఒక్కసారి కళ్లకద్దుకుని వెళ్లిపోతానండి మాస్టారూ."

"పొగ లోపలికి రావడానికి వీల్లేదు. నిన్న స్నానం చాలు."

ఆయన గుమ్మం బయటనే హారతి ఇచ్చారు. పెళ్లిలో విన్న కథలోని స్తోత్రం బహుశా ఇక్కడ పుట్టి ఉంటుంది. అది చదివినది ఆయన, నేను కాదు.

సీడీలు సగంలో ఉండగా రమేష్ వచ్చాడు. వస్తూనే నన్ను పెన్ డ్రైవు అడిగాడు. జేబులోంచి తీసి ఇచ్చాను. నడుస్తున్న సర్వరును చూశాడు, చేతిలోని పెన్ డ్రైవును చూశాడు. ఇక నవ్వలేదు. కీబోర్డు ముందు కూర్చుని, యంత్రం లేచినప్పుడు తనలో తాను నమోదు చేసుకున్న వరుసలు తెర మీదికి తెప్పించాడు. అది ఏ పరికరం నుండి లేచిందో అందులో ఉంటుంది. పరికరం పేరు, దాని పక్కన క్రమసంఖ్య. తెర మీద ఉన్నదానిని కుమారి పైకి చదివింది. పెన్ డ్రైవు వెనుక చెక్కి ఉన్నదానిని నేను కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. రెండూ ఒక్కటే.

నేను ఇంట్లో కాఫీ తాగుతున్న వేళకు, నా సొరుగులో తాళం వేసి ఉన్న వస్తువు నుండి, గోదావరి ఒడ్డున మరొక ఊరిలోని యంత్రం లేచినట్లు ఆ వరుస చెబుతున్నది.

చివరి సీడీ పూర్తయింది. మరొక కంప్యూటరులో పెట్టి పేజీలు సరిగా ఉన్నాయని చూసుకున్నాము. ఆ వరుసల నకలు తీయమని రమేష్‌కు చెబుతుండగా కరెంటు పోయింది. సర్వరుకు పెట్టిన బ్యాటరీ ఒక్క కూత కూసి అదీ పోయింది. ఆ బ్యాటరీ ఎంపిక గురించి రాయాలంటే మరొక వ్యాసం కావాలి. కరెంటు వచ్చాక స్విచ్చి వేస్తే, డిస్కు లేదన్న ఆ పాత వాక్యమే. ఆ తరువాత అది ఎన్నడూ అలా లేవలేదు. ఆ నమోదు యంత్రం జ్ఞాపకంలో మాత్రమే ఉన్నందున కరెంటుతో పాటే పోయింది. రమేష్ డిస్కులను తన షాపులో పరీక్షించాడు. తాళం వేసినట్లే ఉన్నాయి, లేపగల ప్రోగ్రాము వాటిలో ఏదీ లేదు. పెన్ డ్రైవు ఏ యంత్రంలోనూ మళ్లీ పలకలేదు.

నేను ఆలోచించని మార్గం లేదు. అసలు ఆరిపోకుండా ముందురోజు నుండీ నడుస్తూనే ఉన్నదందామా, దానిని నేనే గోడ నుండి వేరు చేశాను. మరొక కంప్యూటరు నుండి నెట్‌వర్కు ద్వారా లేచిందందామా, అటువంటి ఏర్పాటు ప్రెస్సులో లేదు, ఉన్నా తాళంచెవి అందులో ఉండదు. రమేష్ రహస్యంగా నకలు దాచుకున్నాడందామా, ఆ ఉదయం అతడు ఊళ్లోనే లేడు. అతడి ముఖంలోని భయం నటన కాదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించినది దీని తరువాతి పరిణామం. జరిగినది చూసి కొంచెమైనా బుద్ధి తెచ్చుకుంటారని ఆశించాను. మేలురకం కార్డులు రెండు కొందామంటే వెంకటరత్నం గారు ఏమన్నారో వినండి.

"అమ్మవారే నడిపిస్తుంటే మళ్లీ కార్డులెందుకండి?"

"అమ్మవారు ఒక్క పూట నడిపింది. తరువాత కరెంటువాళ్లు ఆపేశారు," అన్నాను.

చివరికి నేనే షాపుకు వెళ్లి, బిల్లుతో సహా కొనితెచ్చి, రమేష్ చేత పెట్టె లోపల బిగింపజేశాను. రెండవదానితో కూడా యంత్రం లేస్తుందో లేదో నా ఎదుట పరీక్షింపజేసి బీరువాలో పెట్టించాను. దానికి ప్రెస్సులో నాకు వచ్చిన పేరు నాస్తికుడని. రోజూ సంధ్యావందనం చేసే నేను నాస్తికుడిని. ఉచితంగా వచ్చిన ముక్క మీద ఒక మనిషి ఆఖరి పనిని నిలబెట్టినవారు భక్తులు.

పంచాంగం కార్తికంలో వెలువడింది. మొదటి ప్రతిని తీసుకుని వెంకటరత్నం గారు, నేను సిద్ధాంతి గారి దగ్గరకు వెళ్లాము. ఎడమచేతిలో పుస్తకం పెట్టాము. ఆయన అట్టను తడిమారు, కాగితం వాసన చూశారు, గుండెల మీద పెట్టుకున్నారు. వెంకటరత్నం గారు మంచం పట్టె మీద కూర్చుని, పసుపు నీళ్ల దగ్గర మొదలుపెట్టి అమ్మవారి మహిమను సవిస్తరంగా చెప్పారు. సిద్ధాంతి గారు చివరిదాకా విని, ఎడమచేతిని ఇక చాలన్నట్లు ఊపారు. తరువాత ముఖం నా వైపు తిప్పి, అదే చేతిని వెల్లకిలా తిప్పి చూపారు. ఎలా, అని.

నాకు తెలిసినదంతా వరుసగా చెప్పాను. వైరు, సొరుగు, ఖాళీ అర, క్రమసంఖ్య. ఆయన శ్రద్ధగా విన్నారు. నేను ఆపగానే చెయ్యి మళ్లీ వెల్లకిలా తిరిగింది.

"తెలియదండి," అన్నాను.

ఆయన ఆ జవాబును అంగీకరించలేదు. చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు నా ముఖం వైపు చూశారు. లెక్కలో ఎక్కడో ఒక మెట్టు వదిలేశానని ఆయనకు అనుమానం. ఆ ఉగాదికి ఆ పంచాంగం చదివేనాటికి ఆయన లేరు.

యంత్రాల సంగతి నాకన్నా బాగా తెలిసిన చదువరులు ఎందరో ఉంటారు. నేను వదిలేసిన ఆ మెట్టు ఏదో వారికి కనిపిస్తే, నా వయసును మన్నించి ఊరుకోకుండా, తప్పు ఎక్కడ ఉన్నదో సూటిగా రాసి సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను.