లెక్క చెప్పని పర్షియా పల్లె

చదివిందంతా ఎవరికో ఒకరికి చెప్పేదాకా అన్నం సయించని వయసు ఒకటుంటుంది. నాకది తెనాలిలో జిరాక్స్ షాపులో పనిచేసే రోజుల్లో వచ్చింది. మధ్యాహ్నం కరెంటు పోగానే ఓనరు కునుకు తీసేవాడు, నేను లైబ్రరీకి పరిగెత్తేవాణ్ణి. (నాకు డిగ్రీ లేదు. ఉన్నవాళ్ళకంటే ఎక్కువే చదివానని ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి.)

ఆదివారం ఆరాధన అయ్యాక రేపల్లెలో పెద్దమ్మ ఇంట్లో చిన్న కూడిక జరిగేది. తలా ఒకరు తాము చూడని ఊరి పేరు చెప్పాలి. అందరూ కళ్ళు మూసుకుని, ఆ ఊరి జనం కోసం కాసేపు మౌనంగా ఉండి, ఆమేన్ అనాలి. పిన్ని ఢిల్లీ, కొల్లూరు అత్త బొంబాయి చెబుతుంటే నేను పర్షియాలో ఒక పల్లె పట్టుకొచ్చాను. కొండల నడుమ మట్టి ఇళ్ళు, కొన్ని వందల జనం. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదే కేంద్రం. “అంటే మన మండలాఫీసు ఉన్న ఊరు లాంటిదన్నమాట” అని గొంతు సవరించుకుని మరీ వివరించాను. పెద్దమ్మకి ఆ ఊరు తెగ నచ్చింది. “అక్కడ వాన పడిందంటావా, లైబ్రరీ?” అని వారం వారం అడిగేది (లైబ్రరీ అంటే నేనే). చలికాలం వచ్చేసరికి వాళ్ళకి దుప్పట్లున్నాయో లేదోనని ఆవిడకి దిగులు. పెదనాన్న పోయాక ఆవిడ ఒకరి గురించి అంత ఆరాటపడటం అదే మొదలు.

అలాంటి సమయంలో నాకు కొత్త పుస్తకం దొరికింది. అందులో చూస్తే, జనాభా లెక్క తీసిన ప్రతిసారీ ఆ ఊరి జనం తగ్గుతూ వచ్చారు. చివరిసారి అసలు అంకే లేదు. మరీ కొద్ది ఇళ్ళే మిగిలితే జనాభా బయటపెట్టరట. చుట్టుపక్కల పల్లెలకి కేంద్రం మాత్రం ఇంకా అదే! పట్టపగలు, ఆగిపోయిన ఫ్యాను కింద, ఆ పేజీ మూడుసార్లు చదివాను. ఈ మాట పెద్దమ్మకి ఎలా చెప్పాలి?

ఆదివారం నీళ్ళు నమిలి చెప్పేశాను.

“మనుషులు లేని ఊళ్ళో మండలాఫీసేంట్రా?” అంది పిన్ని. “అర్జీ ఎవరు తీసుకుంటారు?”

“తీసుకునేవాళ్ళు తీసుకుంటార్లే” అంది కొల్లూరు అత్త, అరటిపండు ఒలవడం ఆపి. “మా లంకలో ఏరు కోసేసిన పల్లె పేరు ఇంకా కాయితాల్లో ఉందిగా.”

అందరం పెద్దమ్మ వంక చూశాం.

“లెక్క చెప్పలేదన్నారు గానీ, లేరనలేదుగా” అందావిడ. “కళ్ళు మూసుకోండి.”

మూసుకున్నాం. వీధిలో బండి చప్పుడు కూడా లేదు. ఉన్నట్టుండి గదిలో చల్లటి గాలి తిరిగింది. నలుగురం ఆమేన్ అన్నాం. ఆ తరవాత, వసారా వైపునుంచి, మెల్లగా ఇంకొకటి వినిపించింది.

కళ్ళు తెరిస్తే వసారాలో ఖాళీ కుర్చీ. మళ్ళీ లెక్కపెడదామని ఎవరూ అనలేదు. అత్త ఒక అరటిపండు ఆ కుర్చీలో పెట్టి వచ్చింది. పెద్దమ్మ మాత్రం నవ్వుతోంది. “చూశావా లైబ్రరీ, ఉన్నారు!”

ఇప్పుడు పెద్దమ్మ లేదు. బాపట్లలో ఒక గది, నిండా పుస్తకాలు, నేను. మొన్న సర్వేకి వచ్చినమ్మాయి గుమ్మంలో నిలబడి “ఇంట్లో ఎంతమందుంటారండి?” అని అడిగింది. “ఒక్కణ్ణేనమ్మా” అన్నాను. ఆ అమ్మాయి వెళ్ళాక, ఆ కొండల నడుమ ఎవరో కళ్ళు మూసుకుని నా వీధి పేరు చెబుతున్నట్టనిపించింది. దుప్పటి కప్పుకుని, వినబడేంత గట్టిగానే ఆమేన్ అన్నాను.