పాపకు అర్హత వచ్చిన ఏడాది

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయని లోకమంతా బెదిరిపోతున్న రోజుల్లో మేం ఆస్ట్రేలియాలోని డార్విన్ వెళ్ళాం. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష తెలిసినవాళ్ళకి అప్పుడు ఎక్కడెక్కడి నుంచో పిలుపులు వచ్చేవి. మా ఆయన స్నేహితులు సిడ్నీకీ మెల్‌బోర్న్‌కీ వెళ్తే, మాకు మాత్రం పైన ఉత్తరాన, సముద్రం ఒడ్డున, సగం ఏడాది వానా సగం ఏడాది ఎండా ఉండే ఆ చిన్న ఊరు దక్కింది. వీసా తాత్కాలికం. కంపెనీకి పని ఉన్నన్నాళ్ళే మాకక్కడ చోటు.

పాపకప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. మాటలు కొన్నే ఉండేవి, అవి కూడా తనవి కావు. దాహమేస్తే నా దగ్గరికొచ్చి, నేనెలా అడుగుతానో అచ్చంగా అలాగే, "నీళ్ళు కావాలా?" అనేది. నిద్రొస్తే "బజ్జుందామా?" అనేది. పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు. కాకినాడ నుంచి మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా, మీ ఆయనక్కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయి, కంగారు పడకు అనేవారు. నాకూ అదే నమ్మాలని ఉండేది.

పాపని మా వీధి చివరి ప్రీస్కూల్లో వేశాం. అక్కడి టీచరు యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తురాలు. కొన్నాళ్ళు చూసి ఓ రోజు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. పాప తోటిపిల్లల వైపు చూడదు, ఇసకలో గవ్వలు వరసగా పేర్చుకుంటూ కూర్చుంటుంది, గేటు తెరిచి ఉంటే రోడ్డు మీదికి పరిగెడుతుంది, తనకంటూ ఒక మనిషి పక్కన ఉండాలి అంది. అలా మనిషిని పెట్టాలంటే పాపకు అర్హత ఉందని తేలాలట. అది తేల్చడానికి పిల్లల సైకాలజిస్టు వచ్చి పరీక్ష పెడుతుందట. ఆ ఊళ్ళో అలాంటివాళ్ళు తక్కువ. ఆవిడ వచ్చేసరికి ఎండలు పోయి, ఉక్కబోత మొదలై, వానలు కూడా పడ్డాయి.

పరీక్ష ఒక చిన్న గదిలో జరిగింది. సైకాలజిస్టు బొమ్మల పెట్టె తెరిచి, నేల మీద పాప ఎదురుగా కూర్చుంది. తెలుగు వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో దొరకలేదని ఫోన్‌లో ఎవరినో పెట్టారు. ఏ ఊరి నుంచో ఒకాయన గొంతు టేబుల్ మీది స్పీకర్లోంచి, "పాపా, వీటిలో మనం పడుకునేది ఏది?" అని అడిగింది. పాప ఫోన్ దగ్గరికి వెళ్ళి ఆ చిల్లుల్లో వేలు పెట్టి చూసింది. మంచం బొమ్మ చూడలేదు, కుర్చీ బొమ్మా చూడలేదు. ఆ తర్వాత ఫ్యాన్ వంక చూస్తూ ఉండిపోయింది. నన్నడిగితే నేను చెప్పించగలను అన్నాను. సాయం చెయ్యకూడదన్నారు.

వారం తర్వాత సైకాలజిస్టు పిలిచి ఫలితం చెప్పింది. ఈ పరీక్ష ఇంగ్లీషు మాట్లాడే పిల్లల కోసం తయారు చేసింది. పాప జవాబివ్వకపోవడానికి కారణం తనలోని ఇబ్బందో, భాష తెలియకపోవడమో విడదీసి చెప్పలేం. భాష వల్ల వెనకబడిన పిల్లలకు ఈ సాయం వర్తించదు. "ఇంకో ఏడాది ఆగి చూద్దాం. ఈలోగా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి," అంది. ఆవిడ మాటలో కాఠిన్యం లేదు. ఆ రోజుల్లో అందరికీ అదే చెప్పేవారట.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో తెలుగు ఆగిపోయింది. నాది తెలుగు మీడియం చదువు. "డూ యూ వాంట్ వాటర్?" అని అడుగుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించేది. పాప నా నోటి వైపు కాసేపు చూసి పక్కకి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి "నీళ్ళు కావాలా" పోయింది. తర్వాత "బజ్జుందామా" పోయింది. వాటి చోట ఇంగ్లీషు ముక్కలేం రాలేదు. దాహమేస్తే నా చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళేది.

పక్కన మనిషి లేకుండా చూసుకోలేమని, పొద్దున కాసేపు మాత్రమే తీసుకురమ్మన్నారు ప్రీస్కూల్లో. కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లకేమీ కాలేదు. మా ఆయన్ని కంపెనీ మరో పనికి మార్చింది కానీ, ఆ పనీ ఎన్నాళ్ళుంటుందో తెలియదు. అందుకని అక్కడే ఉండిపోయేందుకు పర్మనెంట్ రెసిడెన్సీకి, అదే పీఆర్‌కి, అప్లై చేద్దామనుకున్నాం.

అప్పుడు ఆస్పత్రిలో పనిచేసే హైదరాబాదు డాక్టరు అంకుల్ ఒకాయన మా ఇంటికొచ్చారు. రంజాన్‌కి మమ్మల్ని పిలిచి, మాకోసం విడిగా వండించే మనిషి. పాపని చాలాసేపు గమనించి, అప్పుడు మా ఆయనతో నెమ్మదిగా అన్నారు.

"చూడు బాబూ, పాపకి డయాగ్నోసిస్ రాయిస్తే హెల్ప్ దొరుకుతది. కానీ పీఆర్ మెడికల్స్‌లో అదే అడ్డమొస్తది. ఇంట్లో ఒక్కరు ఫెయిలైతే అందరూ ఫెయిలైనట్టే ఇక్కడ."

ఆయన వెళ్ళాక మా ఆయన అన్నారు.

"ఆ రెండో అసెస్‌మెంట్ పోస్ట్‌పోన్ చేద్దాం. పీఆర్ రానీ. తర్వాత ఎన్ని టెస్టులైనా చేయిద్దాం."

"అప్పటికి దానికి ఆరేళ్ళొస్తాయండి. ప్రీస్కూల్ సాయం ఇంకెవరికి?"

"మరి వెనక్కి పంపేస్తే?"

మర్నాడు నేనే ప్రీస్కూలుకి ఫోన్ చేసి, పరీక్షకి తీసుకొస్తానని చెప్పాను. మా ఆయన వద్దనలేదు. ఆ రోజు సెలవు పెట్టి తనే కారు నడిపారు.

రెండోసారి ఫోన్‌లో ఎవరూ లేరు, అంతా ఇంగ్లీషులోనే. పాప ఒక్క బొమ్మ కూడా ముట్టుకోలేదు. ఇన్ని నెలలుగా ఇంట్లో ఇంగ్లీషే కాబట్టి ఈసారి సందేహమేమీ లేదన్నారు. ఆటిజం, దానితోబాటు బుద్ధి ఎదుగుదలలో లోపం. అర్హతకు ఎంత తక్కువ రావాలో అంతకంటే తక్కువే వచ్చింది. మార్కులు తగ్గితేనే గట్టెక్కే పరీక్షలో మా పాప గట్టెక్కింది. కబురు తెలిసి టీచరు పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకుని, "కంగ్రాట్యులేషన్స్" అంది. అనేశాక నా మొహం చూసి, నా భుజం మీద చెయ్యి అలాగే ఉంచేసింది.

పాపకోసం ఒకామె వచ్చింది. చెయ్యి పట్టుకుని ఇసక దాకా నడిపించేది, భోజనాల వేళ పక్కన కూర్చునేది. పాప ఆమె దగ్గర ఏడవడం మానేసింది. ఓసారి నేను తొందరగా వెళ్ళి కిటికీలోంచి చూస్తే, ఆమె ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంది. నేను లోపలికి వెళ్ళకుండా అక్కడే నిలబడిపోయాను.

పీఆర్ మెడికల్స్‌కి వెళ్ళిన రోజు డాక్టరు పాపని నీ పేరేమిటి అని అడిగాడు. మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత మమ్మల్నేమీ అడగలేదు. రెండో పరీక్ష చేయించకపోయినా ఆ గదిలో తెలిసిపోయేదే. ఆ మాట ఇంటికొస్తూ కారులో మా ఆయనే అన్నారు. కొన్ని నెలలకు కాదని చెప్పేశారు. ఆ పిల్ల చదువుకీ వైద్యానికీ దేశం మీద పడే భారం ఎక్కువట. అప్పటికే సాఫ్ట్‌వేరు కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మా కంపెనీ కూడా ఇక పని లేదంది, దాంతో వీసా కూడా పోయింది.

ప్రీస్కూల్లో ఆఖరి రోజు ఆ సహాయకురాలు గేటు దాకా వచ్చింది. పాప ఆమె చెయ్యి వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ నేనే విప్పాల్సివచ్చింది.

కాకినాడలో చూపించిన స్పీచ్ డాక్టరు మొట్టమొదట, పాపతో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగాడు. తెలుగే అన్నాను. మళ్ళీ తెలుగే మాట్లాడుతున్నాం కదా. ఆయన చాలా నెలలు ప్రయత్నించాడు. డార్విన్‌లో ఇచ్చిన రిపోర్టులు చూపిస్తే స్కూళ్ళవాళ్ళు మర్యాదగా చదివి, ఇలాంటి పిల్లలకు మా దగ్గర ఏర్పాట్లు లేవమ్మా అని తిరిగిచ్చేవారు. నాలుగైదు చోట్ల అయ్యాక అడగడం మానేశాం.

పాప ఇప్పుడు నాకంటే పొడవు. పొద్దున్నే నేనే జడ వేస్తాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా మేమిద్దరమే ఇంట్లో ఉంటాం. నేను మాట్లాడుతూనే ఉంటాను. అలవాటైపోయింది. వింటోందో లేదో తెలియదు.