చెట్టు మీద లేని కుంకుమ జిట్ట

బంగారు గని కూలీల ఇళ్ళ వరసలైన కోరమండల్ లైన్లలో చెన్నరాయప్ప ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. గనులు సర్కారు చేతికి వచ్చాక బోర్డుల మీద పేర్లు మారాయి గానీ డ్రిల్లు మోత మారలేదు. లోపల రాయి తొలిచి తొలిచి ఆయన చెవులు ముందుగా సన్న శబ్దాలను వదిలేశాయి. భార్య గాజుల చప్పుడు పోయింది, పిట్టల కూత పోయింది. గొంతు పెంచితే వినపడుతుంది కాబట్టి చెవులు బాగున్నాయనే చెప్పేవాడు. సంగతి బయటపడితే లోపలి పని పోతుంది. డ్రిల్లు తప్ప ఆయనకు వేరే పని రాదు.

ఇంటి వెనక తుమ్మచెట్టుకు చలికాలంలో కుంకుమ జిట్టల గుంపు వచ్చేది. పిచ్చుకకన్నా చిన్నవి. మగదాని ఛాతీ కుంకుమ రాసినట్టు, ఆడదానిది పసుపు పూసినట్టు ఉంటుంది. ఆకుల్లో పురుగులు ఏరుకుంటూ సన్నగా, గాజు మీద గోరు గీసినట్టు కూస్తాయి.

"మొగోడు కుంకుమ పెట్టుకోని తిరుగుతాండాడు, పెండ్లానికి పసుపుతో సరి" అని ఆయన భార్య సొన్నమ్మ నవ్వేది.

ఒక ఆదివారం సీనప్ప వచ్చాడు. గనిలో చెన్నరాయప్పకు జోడీ అతనే. ఇద్దరూ తుమ్మచెట్టుకు వీపు ఆనించి కూర్చున్నారు.

"మామా, కుంకుమ జిట్ట కూస్తాండాది. వింటివా?"

"వినకేమి? పొద్దన్నుంచీ అదే గోల. నా చెవులు యాడికి పోయినాయనుకుంటివిరా?"

సీనప్ప నవ్వలేదు. "పైకి చూడు మామా. ఒక్క పిట్టన్నా ఉండాదా?"

ఆయన తలెత్తి చూశాడు. కొమ్మలు ఖాళీగా ఉన్నాయి.

"రాయి పగిలే ముందర అది కూడా ఇంతే సన్నంగా కిచకిచమంటాది. పోయిన వారం అది విని నీ అంగీ పట్టి ఈడిస్తి. ఎందుకు ఈడిస్తివిరా అని నన్నే తిడితివి" అన్నాడు సీనప్ప. "రేపు నేను ముందర, నువ్వు వెనక ఉంటే నన్నెవరు ఈడుస్తారు మామా?"

గడపలోంచి సొన్నమ్మ అంది, "ఇంగ చాల్లేప్పా. వాని చెవులతో ఎన్నాళ్ళు బతుకుతావు?"

సోమవారం ఆయన గనిలోకి దించే కేజ్ ఎక్కలేదు. ఆఫీసుకు వెళ్ళి, చెవులు పోయాయని చెప్పి పైన పని అడిగాడు. మిల్లులో వేశారు. రాయి పొడి చేసే ఆ మోతలో చెవులున్నవాళ్ళకూ ఏమీ వినపడదు. సీనప్పకు వేరే జోడీ దొరికాడు.

సాయంత్రాలు చెన్నరాయప్ప తుమ్మచెట్టు వైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. ఆకుల్లో ఎరుపు కదిలితే, "కూస్తాండాదా?" అని అరిచి అడిగేవాడు. సొన్నమ్మ చేతిలో పని ఉంటే చెట్టు వైపు చూడకుండానే తల ఊపేది.