లేపే మనిషి నిద్ర

జ్ఞానప్రసూనాంబ నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నది 1990 ఆగస్టులో, తాయిఫ్‌లోని ఒక ఇంటి వెనుక గదిలో, వాషింగ్ మెషిన్ మూత మీద అరచేయి ఆనించి.

అప్పటికి ఆమె రైల్వే కోడూరు నుంచి వచ్చి ఐదు నెలలు. వయసు ఇరవై మూడు. భర్త చిట్వేలులో ఇంకో ఇల్లు పెట్టుకున్నాక, మూడేళ్ళ కూతురు ఇంద్రజను అక్క చేతిలో పెట్టి విమానం ఎక్కింది. ఆమె పేరు ఇంటివాళ్ళకు నోరు తిరగలేదు. తిప్పే ప్రయత్నమూ వాళ్ళు చేయలేదు. మొదటిరోజే నూరా అన్నారు. అదే నిలిచిపోయింది.

కువైట్ మీద ఇరాక్ దండెత్తిన వారంలో ఆ ఇంటి బంధువులు మూడు కుటుంబాలవాళ్ళు కార్లలో సరిహద్దు దాటి తాయిఫ్ చేరారు. ఎనిమిదిమంది ఉండే ఇంట్లో ఇరవై ఆరుగురయ్యారు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళకు నిద్ర పట్టదు. నిద్ర పట్టనివాళ్ళకు టీ కావాలి. ఆ టీ పెట్టే మనిషికి కూడా నిద్ర ఉంటుందని ఎవరికీ తోచలేదు. దుఃఖం మనిషిని మెత్తబరుస్తుందని తత్త్వవేత్తలు రాస్తూ వచ్చారు. వాళ్ళలో ఎక్కువమందికి టీ పెట్టి ఇచ్చేవాళ్ళు వేరే ఉండి ఉంటారు.

ఇరవై ఆరుగురి బట్టలు రోజంతా మెషిన్‌లో తిరిగేవి. అది తిరిగినంతసేపూ ఆమె దాని మీద చేయి వేసి, గోడకు భుజం ఆనించి కళ్ళు మూసేది. మెషిన్ ఆగగానే అరచేతి కింద వణుకు ఆగేది, ఆమె కళ్ళు తెరుచుకునేవి. లోకంలో అందరూ చప్పుడుకు లేస్తారు. ఆమె చప్పుడు ఆగితే లేచేది.

జనవరిలో యుద్ధం మొదలైంది. ఊరి పక్క స్థావరం నుంచి విమానాలు లేచినప్పుడల్లా ఇల్లంతా అదిరేది. అదే నెలలో ఇంటి యజమానురాలు, అమ్మ అనే అర్థంలో నూరా 'మామా' అని పిలిచే ఆవిడ, మగపిల్లవాణ్ణి కన్నది. రాకాన్ అని పేరు పెట్టారు. విమానాల మోతకు వాడు లేచి ఏడుస్తుంటే మామాకు తలనొప్పి వచ్చేది. ఉయ్యాల నూరా గదిలోకి మారింది.

ఫిబ్రవరి చివర యుద్ధం ముగిసింది. కొన్నాళ్ళకు బంధువులు వెళ్ళిపోయారు. కాని ఒక మనిషి ఎంత తక్కువ నిద్రతో పనిచేయగలదో ఆ ఇంటికి తెలిసిపోయింది. ఇలాంటి సంగతి తెలిసిన ఇల్లు దాన్ని మరచిపోదు.

రాకాన్‌ను బడికి లేపే పని కూడా ఆమెదే. మొండి నిద్ర వాడిది. తల్లి అరిచినా, తండ్రి దుప్పటి లాగినా కదిలేవాడు కాదు. నూరా వచ్చి అరికాలి మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కి, "లెయ్ నాయనా, తెల్లారె" అనేది. వాడు లేచి కూర్చునేవాడు. ఆ ఇంటివాళ్ళతో ఇరవై రెండేళ్ళలో ఆమె పలికిన తెలుగు అంతే. దాని అర్థమేమిటని వాడు ఎన్నడూ అడగలేదు.

అదే కాలంలో ఆమె నాలుగుసార్లు సెలవు మీద కోడూరు వెళ్ళి వచ్చింది. నాలుగుసార్లూ ఇంద్రజ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇంద్రజ పెళ్ళికి పోవలసిన ఐదో సెలవు కాగితం ఆలస్యమై పోయింది. ఈలోపు అక్క కూడా చనిపోయింది. ఇప్పుడు ఇంద్రజ నిండు గర్భిణి, తొలి కాన్పు. జనవరి మొదట్లో ఖురూజ్ ఇస్తాను, పోయి రమ్మని యజమాని బాబా మాట ఇచ్చాడు. యజమాని సంతకం చేసిన ఆ కాగితం లేనిదే దేశం దాటనివ్వరు. ఒక్క కాన్పుకైనా తల్లిగా పక్కన ఉండాలన్నది ఆమె బతుకులో మిగిలిన ఒకే కోరిక.

అదే జనవరిలో రాకాన్ ర్యాలీ.

వాడికప్పటికి ఇరవై రెండో ఏడు. చదువు పక్కనపెట్టి మోటార్‌సైకిల్ పట్టాడు. హాయిల్ దగ్గర మొదలై ఎనిమిది రోజులు ఎడారిలో, రోజుకు నాలుగైదు వందల కిలోమీటర్లు. బండిని నమ్మవచ్చు, దాని మీది మనిషిని నమ్మలేమని జట్టు పెద్దలు ఒక ఫిజియోథెరపిస్టును పెట్టారు. గుంటూరు నుంచి వచ్చిన ధీరజ్. అతను రాకాన్ నిద్రను గంటలు గంటలుగా కోసి, లేచిన ఎంతసేపటికి బుర్ర పనిచేస్తున్నదో చిన్న పెట్టెతో కొలిచేవాడు. పెట్టెలో లైటు వెలగగానే మీట నొక్కాలి. అంతే పరీక్ష.

ఒక మధ్యాహ్నం రాకాన్ నవ్వుతూ, "నూరాను కూర్చోబెట్టు. అది నిద్రపోవడం నేను పుట్టాక చూడలేదు. నన్ను ఓడిస్తుంది" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆమె చేతులు తుడుచుకుని కూర్చుంది. లైటు పదిసార్లు వెలిగింది. ఆరుసార్లు నొక్కింది. నాలుగుసార్లు నొక్కనే లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, లైటు మీదే ఉన్నాయి. ఆ రెప్పపాటు కాలాల్లో ఆమె మాత్రం అక్కడ లేదు. ధీరజ్ నవ్వు ఆపాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తరువాత వంటింట్లోకి వచ్చాడు.

"ఏమ్మా, రోజుకి ఎన్ని గంటలు పడుకుంటావు?"

"పండుకునేది యాడిది సార్. నడుం వాలుస్తా, అంతే."

"ఎంతసేపు?"

"మిషన్ తిరిగినంతసేపు."

హాస్యమనుకుని అతను నవ్వాడు. ఆమె ఆ అదను వదలలేదు.

"సార్, మీరు మనోళ్ళు గదా. బాబాకు ఒక మాట జెప్పండి. మా పాపకు ఈ నెలలోనే కాన్పు దినాలు. ఖురూజ్ ఇస్తామన్యారు. ఇప్పుడేమో ఎడారికి రమ్మంటాండారు."

"వారం రోజులేగా. అవగానే నేనే మాట్లాడతాలే."

"వాన్ని లేపేదానికి గడియారం లేదా సార్?"

"గడియారాన్ని నిద్రలోనే గోడకేసి కొడుతున్నాడమ్మా. నువ్వు లేపితే ఒక్క నిమిషంలో మనిషవుతున్నాడు. కొలిచి చూశాగా!"

సంచిలో ఉన్న రెండో కొలత సంగతి అతను ఎత్తలేదు. రాకాన్ మొదటి ఐదుగురిలో నిలిస్తే అతని కొలువు మరో ఏడాది సాగుతుంది. అతను చెడ్డవాడు కాడు. చెడ్డతనానికి కొంత శ్రద్ధ కావాలి; అతనికి తీరిక లేదంతే.

ఎడారిలో రోజులు ఇలా నడిచాయి. తెల్లవారుజామున నాలుగింటికి ఆమె రాకాన్‌ను లేపేది. వాడు బండెక్కి వెళ్ళాక వంట సామానుతో ట్రక్కులో కూర్చుని తరువాతి మకాముకు చేరేది. ట్రక్కు ఎగుడుదిగుళ్ళలో కన్ను మూతపడేది కాదు. మాపటికి వాడు ఇసుక బొమ్మలా వచ్చేవాడు. హ్యాండిల్ వదిలేసినా చేతివేళ్ళు దాన్ని పట్టుకున్నట్టే బిగుసుకుని ఉండేవి. గోరువెచ్చని నీళ్ళలో ముంచి ఆమె వాటిని ఒక్కొక్కటిగా విప్పి, తరువాత తన చేత్తో తినిపించేది.

మూడోనాటికి వాడి ఒళ్ళు అలసట దాటింది. ఐదోనాటికి బుర్ర దాటింది. ఆరోజు నడి ఎడారిలో బండి ఆపి కదలకుండా నిలబడ్డాడట.

"ఎందుకాగావు?" అని ధీరజ్ అడిగాడు.

"ఎర్ర లైటు పడింది."

"ఎక్కడ?"

"ఎదురుగా. సిగ్నల్. పచ్చది పడేదాకా ఆగాను." అని చెప్పి, అది అబద్ధమని అప్పుడే తెలిసినట్టు వెక్కివెక్కి ఏడ్చాడు.

జట్టంతా చుట్టూ చేరింది. ఒకడు భుజాలు పిసికాడు, ఒకడు తేనె తాగించాడు, ఒకడు ఫొటో తీశాడు. కోరి తెచ్చుకున్న అలసటకు లోకంలో ఎంత మర్యాద! ఆ మర్యాద జరుగుతున్నంతసేపూ నూరా పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఆమెకు ఆ ఎర్ర లైటు సంగతి వింత అనిపించలేదు. అలాంటివి ఆమె చాలా చూసింది. తాయిఫ్ వంటింట్లో, ఎన్నోసార్లు, ఇంద్రజ గ్యాస్ పొయ్యి పక్కన కూర్చుని ఉండేది. పని ఆపి చూస్తూ నిలబడే వీలు ఆమెకు ఉండేది కాదు.

అన్నీ పోగా ఆరోనాటి మాపుకు రాకాన్ నాలుగో స్థానంలో ఉన్నాడు.

మకాములో జనరేటర్ కాపరి ఇస్మత్ అనే పెషావర్ మనిషి. సామాను సర్దేందుకు రోజూ మూడున్నరకు దాన్ని ఆపేవాడు. మొదటి రాత్రే నూరా అది కనిపెట్టింది. రాకాన్ పడుకునే క్యారవాన్ వెనుక రేకు జనరేటర్ మోతకు సన్నగా వణుకుతుంది. దాని మీద అరచేయి ఆనించి కూర్చునేది. మూడున్నరకు వణుకు ఆగేది, ఆమె లేచేది. ఐదు రాత్రులు ఆ లెక్క తప్పలేదు.

ఆరో రాత్రి చలికి నీళ్ళ డబ్బాల్లో పలుచగా మంచు కట్టింది. మెకానిక్కుల చేతులు కొంకర్లు పోతుంటే జాలిపడి ఇస్మత్ హీటర్ల కోసం జనరేటర్‌ను తెల్లవారేదాకా ఆపలేదు. రేకు వణుకుతూనే ఉంది. ఆమె అరచేయి దాని మీదే ఉంది.

నాలుగున్నరకు రాకాన్ బయలుదేరాలి. అరగంట దాటితే పోటీలోంచి పేరు తీసేస్తారు. బండి సిద్ధం చేసి మెకానిక్కులు వాడు బయటికొస్తాడని చూస్తున్నారు. లేపే పని వాళ్ళది కాదు. ధీరజ్ తన గుడారంలో నిద్రపోతున్నాడు. లేపే మనిషి ఉంది కదా అన్న నిశ్చింత. ఐదూ పదికి ఎవరో తలుపు బాదారు.

రాకాన్ తనంతట తానే లేచి వచ్చాడు. ఆరు రోజుల్లో మొదటిసారి ముఖంలో రక్తం కనిపించింది, కళ్ళు తేటగా ఉన్నాయి. టైమెంతని అడిగాడు. చెప్పారు. క్యారవాన్ వెనక్కి నడిచి, రేకుకు తల ఆనించి నోరు తెరిచి నిద్రపోతున్న మనిషిని చూశాడు. కాలితో ఆమె అరికాలిని తట్టాడు.

"నూరా. నీకు చేతనైన పని ఒక్కటే. అదీ చేయలేదు."

అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది.

సామాను ట్రక్కుకెక్కిస్తుండగా ధీరజ్ ఆమెను పక్కకు పిలిచాడు.

"నిజం చెప్పమ్మా. కూతురి దగ్గరికి పోవాలని కావాలనే లేపలేదా?"

"కావాలంటే వచ్చేదా సార్ నిద్ర? అట్ల వచ్చేదుంటే ఇన్నేండ్లు ఏం జేస్తాంటి?"

"నీ వల్ల కాదని ముందే నాతో చెప్పాల్సింది."

"లైటు పెట్టి మీరే చూసినారు గదా సార్."

ధీరజ్ చుట్టూ చూశాడు. ఆ మకాములో తెలుగు తెలిసినవాళ్ళు మరొకరు లేరు. సహాయకురాలి నిర్లక్ష్యం వల్ల రైడర్ సమయానికి లేవలేదని ఆ సాయంత్రమే జట్టు పెద్దలకు ఇంగ్లీషులో రాసి పంపాడు. సంచిలోని కాగితం ఏమైందో ఎవరూ అడగలేదు, కనుక అతను అబద్ధం చెప్పవలసిన అవసరం కూడా రాలేదు.

తాయిఫ్ తిరిగొచ్చిన నాలుగో రోజున బాబా ఆమె చేతిలో ఖురూజ్ నిహాయీ పెట్టాడు. సెలవు కాదు; పోయి మళ్ళీ రానక్కరలేని కాగితం. ఇరవై రెండేళ్ళు మేలుకుని సంపాదించలేనిది ఒక్క కునుకుతో చేతికొచ్చింది. మామా ఆమె పెట్టె తెరిపించి, చీరలు ఒక్కొక్కటే దులిపి చూసి, మూయించింది. రాకాన్ గది తలుపు వేసి ఉంది. నిద్రపోతున్నాడన్నారు.

ఆమె కోడూరు చేరేసరికి ఇంద్రజకు ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీసి ఐదు రోజులైంది. రెండు గదుల అద్దె ఇల్లు. ఇంద్రజ అత్త ఆమెను గడపలో చూడగానే సంచి సర్దుకుంది.

"వచ్చినావు గదా వదినా, ఇంక నీ బిడ్డను నువ్వు జూసుకో. నాకూ నాలుగు దినాల్నుంచి కన్ను మూత లేదు."

అల్లుడు తల్లిని ఊళ్ళో దించడానికి వెళ్ళాడు. ఇంద్రజ కుట్ల నొప్పితో పక్క మీది నుంచి లేవలేదు.

"మా, రాత్రిళ్ళు ఒకటే ఏడుస్తాది. నువ్వు రోంత ఎత్తుకో. నాతో కాదు."

"నువ్వు పండుకో పాపా. నేనుండా గదా."

పసిగుడ్డు పక్కన చాప పరుచుకుని ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. అరచేయి నేల మీద ఆనించింది. చలికాలం, ఫ్యాను లేదు. ఫ్రిజ్ లేదు. జనరేటర్ లేదు. ఆ ఇంట్లో తిరిగేది, తిరిగి ఆగేది ఏదీ లేదు. నేల కదలకుండా ఉంది.

పిల్ల ఏడ్చింది. ఇంద్రజ పిలిచింది, అరిచింది, చేతికందిన గ్లాసు విసిరింది. గ్లాసు తల్లి మోకాలికి తగిలి దొర్లిపోయింది. చివరికి పక్కింటి బీబీజాన్ తలుపు నెట్టుకుని వచ్చి పిల్లను ఎత్తుకుంది.

"పోనీలేమ్మా, అలిసొచ్చింది."

"వాళ్ళ పిల్లోని కోసరం ఇరవై రెండేండ్లు మేలుకొని ఉండె బీబమ్మా. నా బిడ్డ కాడికొచ్చి పండుకుండాది."

ఆమె ఆ రాత్రి లేవలేదు. మరునాడంతా లేవలేదు. ముఖాన నీళ్ళు చల్లారు, ఊపిరి చూశారు. అల్లుడు తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళి తన తల్లిని తీసుకొచ్చాడు.

మూడోనాటి సందెవేళ జ్ఞానప్రసూనాంబ కళ్ళు తెరిచింది. ఎక్కడుందో కొంతసేపు తెలియలేదు. కిటికీలోంచి మసక వెలుగు వస్తోంది. తెల్లవారిందనుకుంది, ఆలస్యమైందనుకుంది. మోకాళ్ళ మీద పాకి, ఎదురుగా గుడ్డలో చుట్టి ఉన్న ప్రాణం దగ్గరికి వెళ్ళి, గుడ్డ తొలగించి, గోరంత పాదాన్ని వెతికి పట్టుకుని, అరికాలి మధ్యలో బొటనవేలితో నొక్కింది.

"లెయ్ నాయనా, తెల్లారె."

పిల్ల కెవ్వుమంది. రెండు రోజులుగా నిద్రలేని ఇంద్రజకు అప్పుడే కునుకు పట్టింది. లేచి, కుట్లు పట్టుకుని, బిడ్డను అటు లాక్కుంది.

"పండుకున్న బిడ్డను లేపుతావేందే! నిన్నెవురు లేపమన్యారు?"

అత్త వంటింట్లోంచి వచ్చి పిల్లను అందుకుని, లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరకు వేసింది.